రావులపాలెం వ్యాపారి మునిగిన చోటు

ఆ ఒడ్డు పేరు చెప్పను. కాకినాడ నుంచి ఉప్పాడ దాటి ఉత్తరంగా పోతే ఎక్కడో ఒక చోట వస్తుంది, అంతే. అంతకు మించి చెబితే మా అమ్మాయి నాతో మాట్లాడదు. ఇప్పుడు మాత్రం ఏం మాట్లాడుతోంది గనక! అన్నం దగ్గర "చారు పొయ్యనా" అంటుంది, పడుకోబోయే ముందు "మాత్ర వేసుకున్నావా" అంటుంది. వెనకటి మాటలు లేవు.

నేను నలభై ఏళ్ళు తణుకు వైపు ఒక చక్కెర ఫ్యాక్టరీలో కాటా దగ్గర పనిచేశాను. నలభై కాదు లెండి, ముప్ఫైకి కాస్త పైన. చెరకు ట్రాక్టరు కాటా మీదికి ఎక్కుతుంది, ముల్లు ఎక్కడ ఆగితే అదే చెప్పాలి. రైతు బతిమాలినా అంతే, ఆఫీసరు కళ్ళెర్రజేసినా అంతే. అన్నేళ్ళు ఉన్నది ఉన్నట్టు చెప్పిన నోరు రిటైరయ్యాక ఒక్కసారిగా వదులైపోయింది. చినుకులు పడితే తుఫాను అంటాను. చేప కొంటే మోచెయ్యంత అంటాను. వినేవాడి కళ్ళు పెద్దవి అవుతుంటే నాకు హుషారు పుట్టి ఇంకాస్త పెంచుతాను. తర్వాత కడుపులో ఆగక నేనే ఒప్పేసుకుంటాను, "మోచెయ్యంత కాదు లెండి, అరచెయ్యంత" అని. నా భార్య ఉన్న రోజుల్లో నేనేం చెప్పినా సగం చేసుకుని వినేది. అమ్మాయి మాత్రం "మళ్ళీ పెంచావు నాన్నా" అని నవ్వేది. నా అబద్ధాల్లో మనుషులు ఎప్పుడూ రావులపాలెం వాళ్ళే ఉంటారని కనిపెట్టింది కూడా తనే. అదెందుకో నాకూ సరిగ్గా తెలియదు. అక్కడి అరటికాయల వ్యాపారి అంటే ఎవరికీ అనుమానం రాదు. వాళ్ళు ఎక్కడైనా కనిపిస్తారు, ఎక్కడికైనా వెళతారు.

భార్య పోయాక కాకినాడలో అమ్మాయి దగ్గరే ఉంటున్నాను. తను కాలేజీలో లెక్కలు చెబుతుంది. అల్లుడు గ్యాస్ కంపెనీలో పని. నెలలో సగం రోజులు సముద్రం మధ్యలో ప్లాట్‌ఫారం మీదే ఉంటాడు. అంచేత ఇంట్లో ఎక్కువగా నేనూ అమ్మాయే.

మూడేళ్ళ కిందట అమ్మాయికి రొమ్ము క్యాన్సరు వచ్చింది. విశాఖపట్నంలో ఆపరేషన్ చేసి ఎడమవైపు తీసేశారు. ఈ రెండు వాక్యాలు రాయడానికి నాకు ఒక పూట పట్టింది. ఇది పెంచి చెప్పడం కాదు. ఆ రోజుల్లో వీధిలో ఎవరడిగినా "గాల్‌బ్లాడర్‌లో రాళ్ళండి, చిన్నవే" అన్నాను. జన్మలో నేను తగ్గించి చెప్పిన సంగతి అదొక్కటే.

ఆపరేషన్ తర్వాత ఎడమ చెయ్యి వాచిపోయేది. భుజం పైకి లేచేది కాదు. వ్యాయామం చేయించే ఆవిడ నీళ్ళలో ఈదమంది. విశాఖలో చూపించుకోవడానికి వెళ్ళినప్పుడల్లా అక్కడి బీచిలో సర్ఫింగ్ నేర్పేవాళ్ళని చూసి, ఒకరోజు వెళ్ళి చేరిపోయింది. చేరినవాళ్ళంతా ఇరవై ఏళ్ళ పిల్లలు, మధ్యలో నలభై రెండేళ్ళ లెక్చరరు. బోర్డు మీద బోర్లా పడుకుని రెండు చేతులతో నీళ్ళు తోసుకుంటూ వెళ్ళాలి, అల వెనక నుంచి వచ్చి ఎత్తగానే లేచి నిలబడాలి. ఒక సాయంత్రం ఫోను చేసి, "నాన్నా, ఇవాళ నిలబడ్డాను" అంది. గొంతు ఎలా ఉందంటే, చిన్నప్పుడు సైకిలు తొక్కడం వచ్చిన రోజున ఉన్నట్టే ఉంది. కొన్ని నెలలకు చెయ్యి వాపు తగ్గింది. ఒక నీలం బోర్డు కొనుక్కుని కారు మీద కట్టుకుని ఇంటికి తెచ్చుకుంది. ఇంత పొడుగుంది ఏంటని వీధివాళ్ళు అడిగితే, మా అమ్మాయి దేశం తరఫున పోటీ చేస్తోందని చెప్పాను. సాయంత్రానికి మనసొప్పక, లేదండి, ఒట్టి వ్యాయామమే అని ఇంటింటికీ వెళ్ళి చెప్పి వచ్చాను.

కాకినాడ బీచికి వెళ్ళినవాళ్ళకి చెప్పక్కరలేదు. బజ్జీల బండ్లు, మొక్కజొన్న పొత్తులు, ఫొటోల కోసం అద్దెకి తిప్పే గుర్రం. అలలు ఉన్నాయి గానీ అలల నిండా మనుషులే. అమ్మాయి ఆదివారాలు మానేసి మామూలు రోజుల్లో, కాలేజీకి ముందు వెళ్ళేది. నేను గట్టు మీద చెప్పుల కాపలా.

ఒకరోజు అల తనని బోర్లా తిప్పి కొట్టింది. లేచేసరికి చొక్కా లోపల ఎడమవైపు పెట్టుకునే మెత్త జరిగి భుజం దగ్గరికి వచ్చేసింది. తను చూసుకోలేదు. మంచి అల దొరికిన సంబరంలో బోర్డు చంకలో పెట్టుకుని నవ్వుతూ ఒడ్డుకి వస్తోంది. నలుగురు కుర్రాళ్ళు అంతకుముందు నుంచే ఫోన్లు పట్టుకుని తీస్తున్నారు. ఒకడు ఏదో అన్నాడు, మిగతావాళ్ళు పగలబడి నవ్వారు. అమ్మాయి కిందికి చూసుకుంది.

వాళ్ళ కాలర్లు పట్టుకుని ఫోన్లు సముద్రంలోకి విసిరేశానని తర్వాత అల్లుడికి చెప్పాను. నిజానికి లేచాను, మోకాలు పట్టేసి మళ్ళీ కూర్చున్నాను.

బోర్డు బెడ్రూం తలుపు వెనక్కి చేరింది. రెండు నెలలు అక్కడే ఉంది. చెయ్యి మళ్ళీ వాచింది. జాకెట్టు చెయ్యి పట్టడం లేదని పొడుగు చేతుల కుర్తాలు కుట్టించుకుంది. ఒక రోజు కూరగాయలు తరుగుతూ, నాకు చెబుతున్నట్టు కాకుండా అంది: "ఎవరూ చూడని చోటు ఒక్కటుంటే చాలు. అల పెద్దది కాకపోయినా ఫర్వాలేదు."

"ఈ తీరంలో నాకు తెలియని ఒడ్డు లేదే" అన్నాను.

తను కత్తిపీట మీంచి తలెత్తి నన్ను చూసింది. మళ్ళీ పెంచావు అనలేదు. నమ్మాలని ఉంది కాబోలు. అది చూసి నాకు భయమేసింది. ఎందుకంటే ఉప్పాడ దాటి నేను వెళ్ళింది ఎప్పుడో ఒక్కసారి, అదీ ఎవరి పెళ్ళికో చీరలు కొనడానికి వెళ్ళి దారి తప్పినప్పుడు.

మర్నాటి నుంచి మోపెడ్ వేసుకుని బయలుదేరాను. సముద్రం కోసేసిన రోడ్లు, రాళ్ళు పోసిన కట్టలు, గోడ ఒక్కటే మిగిలిన ఇళ్ళు. ఎక్కడ ఆగినా ఎవరో ఒకరు "ఎవరి తాలూకండీ?" అనేవారు. గాలి వాసన పట్టి, అల చప్పుడు విని ఆ చోటు కనిపెట్టానని అమ్మాయికి చెప్పాను. ఉన్నమాట చెప్పాలంటే, మూత్రానికి ఆగి సరుగుడు తోటలోకి వెళ్ళాను. తోట అవతల ఇసుక, ఇసుక అవతల నీళ్ళు, అటూ ఇటూ ఒక్క మనిషి లేడు. కాస్త దూరంలో నీటి కింద ఇసుక మేట వేసినట్టుంది, అల అక్కడ ఒక చివర నుంచి రెండో చివరకి వరసగా విరుగుతోంది. చేస్తున్న పని మరిచిపోయి చూస్తూ నిలబడ్డాను.

మొదటి రోజు అమ్మాయి కారు తోట నీడలో ఆపి చాలాసేపు దిగలేదు. ఒడ్డు అంతా కళ్ళతో వెతికింది. తర్వాత దిగి బోర్డు తాళ్ళు విప్పుతూ, "నువ్వు కూడా చూడకూడదు నాన్నా" అంది. సరేనన్నాను. కారులో కూర్చుని తోట వైపు తిరిగి పేపరు పట్టుకున్నాను. పక్క అద్దంలో మాత్రం చూశాను. అద్దంలో సముద్రం అగ్గిపెట్టెంత, అమ్మాయి చీమంత. ఆ చీమ పడింది, లేచింది, పడింది. తర్వాత నిలబడింది. నిలబడి, రెండు చేతులూ, ఎడమది కూడా, పక్కకి చాచి అల మీద ఒడ్డు దాకా వచ్చింది.

తిరిగి వచ్చేటప్పుడు దారంతా పాడుతూనే ఉంది. రాగం పోతే పోయింది. వారానికి రెండు మూడు రోజులు గాలి లేవకముందే అక్కడికి చేరేవాళ్ళం. చెయ్యి మళ్ళీ పైకి లేవసాగింది. బట్టలు ఆరేసే తీగ అందుకోవడం చూశాను.

ఆ ఒడ్డుకి కాస్త ఇవతల చేపలుపట్టేవాళ్ళ పేట ఉంది. వాళ్ళు పెద్ద వల దించేది కూడా ఆ ఒడ్డునే. పడవ మీద వల సముద్రంలోకి తీసుకెళ్ళి అర్ధచంద్రాకారంగా వదిలి, రెండు చివర్ల తాళ్ళు ఒడ్డున రెండు జట్లు పట్టుకుని లాగుతాయి. మేం వెళ్ళిపోయే వేళకి వాళ్ళు వచ్చేవారు. ఒకరి దారికి ఒకరు అడ్డం లేదు. తోట మొదట్లో, రోడ్డు మలుపులో ఆ పేట మనిషిదే ఒక టీ కొట్టు. ఆవిడకి యాభై దాటి ఉంటాయి. మొగుడు వల జట్టుకి పెద్ద. అమ్మాయి గురించి రెండోరోజే అడిగింది.

"ఆ తెప్ప ఏంటండీ బాబుగారూ, నీలంది?"

"వ్యాయామానికమ్మా. డాక్టరు చెప్పాడు."

"ఆయ్" అని ఊరుకుంది. ఇంకేం అడగలేదు. అమ్మాయికి ఆవిడ నచ్చింది, ఇంకేం అడగనందుకు.

అంతా బాగానే ఉండేది, నేను కారులోనే కూర్చుని ఉంటే. ఒక ఆదివారం టీకి నోరు లాగి మలుపు దాకా నడిచాను. అమ్మాయి నీళ్ళలో ఉంది. టీ గ్లాసు చేతికి వచ్చేసరికి అయిదారు బైకులు వచ్చి ఆగాయి. కాకినాడ కుర్రాళ్ళు. ఒకడి చేతిలో కర్రకి బిగించిన ఫోను.

"తాతగారూ, ఈ తోట వెనకాల బీచ్ ఉందంటగా? ఖాళీగా ఉంటుందంట?"

అద్దంలో చీమంత అమ్మాయి, ఆ కర్ర, ఆ ఫోను, మూడూ ఒక్కసారి కళ్ళముందు కనిపించాయి. అప్పుడు నా నోరు తన పని తాను మొదలుపెట్టింది.

"ఉంది బాబూ, వెళ్ళండి. మొన్న ఒకాయన వెళ్ళాడు."

"ఎవరండీ?"

"రావులపాలెం ఆయన. అరటికాయల వ్యాపారి. లోడు దింపి, కాళ్ళు కడుక్కుందామని దిగాడు. మోకాలి లోతే. కింద నుంచి సుడి లాగేసింది. బండి డ్రైవరు చూస్తూనే ఉన్నాడు. చెయ్యి ఒక్కటి పైకి కనిపించిందంట, ఉంగరం మెరిసిందంట. అంతే."

"తర్వాత?"

"తర్వాతేముంది! చెప్పులున్నాయి, మనిషి లేడు."

కుర్రాళ్ళు మొహాలు చూసుకున్నారు. కర్ర పట్టుకున్నవాడు, "ఒరేయ్, మా అమ్మ చంపేస్తుంది, పదండ్రా" అన్నాడు. బైకులు తిరిగాయి. నాకు ఎంత గర్వం వేసిందో చెప్పలేను. ఉంగరం సంగతి ఎక్కడ నుంచి వచ్చిందో నాకే తెలియదు.

వెనక్కి తిరిగేసరికి టీ కొట్టావిడ వడపోత చేతిలో పట్టుకుని నన్నే చూస్తోంది.

"ఎప్పుడండీ బాబుగారూ?"

నా రివాజు ప్రకారం అప్పుడే ఒప్పేసుకోవాలి. మాట నాలుక దాకా వచ్చింది కూడా. కానీ చివరి బైకు స్టార్టవక ఇంకా అక్కడే ఉంది. "మొన్న సాయంత్రం" అన్నాను.

"శవం దొరికిందా?"

"లేదమ్మా."

ఆవిడ స్టవ్ ఆర్పేసింది. పాలు అయిపోయాయి కాబోలు అనుకున్నాను. ఆ చివరి బైకు కదిలేలోగా కొట్టుకి తాళం వేసి పేట వైపు వెళ్ళిపోయింది. అమ్మాయి నీళ్ళలోంచి వచ్చే వేళయింది. ఈసారి వచ్చినప్పుడు చెబుదాంలే అని నేనూ తిరిగి వచ్చేశాను.

ఈసారి అంటే బుధవారం. తోట దగ్గర కారు ఆపేసరికి ఒడ్డు మీద పేటంతా ఉంది. ఆడవాళ్ళు ఇసుకలో గుంపులుగా కూర్చున్నారు. మగవాళ్ళు నీళ్ళ అంచునే అటు కొందరు, ఇటు కొందరు నడుస్తున్నారు. ఒక పడవ లోపల తిరుగుతోంది. పెద్ద వల ఒడ్డున ఎండలో మడతపెట్టి ఉంది.

అమ్మాయి ఏమీ తెలియక బోర్డు పట్టుకుని దిగింది. టీ కొట్టావిడ పరుగెత్తుకొచ్చి తన ఎడమ చెయ్యి గట్టిగా పట్టుకుంది. అమ్మాయి నొప్పికి ముడుచుకుపోయింది.

"ఎక్కడికి తల్లీ! మనిషిని మింగిన నీళ్ళు. ఇంకా తిరిగివ్వలేదు."

"ఏ మనిషండీ?"

"మీ నాన్నగారు చెప్పలేదా? రావులపాలెం ఆయన. అరటికాయల వ్యాపారి."

అమ్మాయి నెమ్మదిగా నా వైపు తిరిగింది. తనకి అర్థమైపోయింది. రావులపాలెం అన్న మాటతోనే అర్థమైపోయింది.

ఆవిడ చెబుతూనే ఉంది. సముద్రం మనిషిని తీసుకుంటే ఆ పేటవాళ్ళు ఆ ఒడ్డున వల దించరు. తిరిగి వలలోనే వస్తాడేమోనని ఒక భయం, చచ్చినవాడి మీదుగా చేపలు లాగడం తప్పని ఒక నమ్మకం. కొన్నాళ్ళు పొద్దునా సాయంత్రం ఒడ్డంతా వెతుకుతారు. దొరక్కపోతే గంగమ్మ దగ్గర సాగనంపి, అప్పుడు వల ముట్టుకుంటారు. ఎవరైనా సరే, ఏ ఊరివాడైనా సరే.

"మా మరిది నిన్న చూశాడండి. చారల చొక్కా. అల్లంత దూరంలో తేలుతూ కనిపించి మునిగిపోయింది."

నేను ఆ మనిషికి ఉంగరం పెట్టాను గానీ చొక్కా తొడగలేదు. లేనివాడి కోసం ఇంతమంది పనులు మానుకుని ఇసుకలో నడుస్తున్నారు, ఒకడికి వాడు కనిపించాడు కూడా.

"చెప్పు నాన్నా" అంది అమ్మాయి. అందరూ నా వైపు చూశారు. వల జట్టు పెద్ద కూడా వచ్చి నిలబడ్డాడు, తలగుడ్డ తీసి చేతిలో పట్టుకుని. పోయినవాడి సంగతి చెప్పేవాడి ముందు మర్యాద అది. ఆ తలగుడ్డ చూసి ఒప్పుకోలేకపోయాను. "దేవుడి దయ" అని ఏదో గొణిగాను.

కారు ఉప్పాడ చేరింది. అప్పుడు అమ్మాయి అంది.

"నా కోసమేనా చెప్పావు?"

"నీ కోసమేనే. వాళ్ళ దగ్గర ఫోను..."

"నా కోసం ఎవర్నో చంపాలా?"

"చంపడమేంటి, లేనివాణ్ణి..."

"వాళ్ళకి ఉన్నాడు నాన్నా."

మర్నాడు ఒక్కణ్ణే షేర్ ఆటోల్లో వెళ్ళాను. టీ కొట్టు మూసి ఉంది. పేటలోకి నడిచి వెళ్ళి వల జట్టు పెద్ద ముందు, ఆయన భార్య ముందు, ఇంకో నలుగురి ముందు చెప్పేశాను. మనిషి లేడు, లోడు లేదు, ఉంగరం లేదు, కుర్రాళ్ళని తోలెయ్యడానికి పుట్టించిన మాట, తప్పయింది, వెతకడం ఆపెయ్యండి అన్నాను. తిడతారనుకున్నాను. కొడితే పడదామని కూడా అనుకున్నాను.

వాళ్ళు నమ్మలేదు.

"మావాడు చూశాడు కదండీ" అన్నాడు పెద్ద.

"కొబ్బరి మట్టేదో అయి ఉంటుంది బాబూ."

"మట్టకి చారల చొక్కా ఉంటుందాండీ?"

టీ కొట్టావిడ నడుం మీద చెయ్యి పెట్టుకుంది. "మేం నీళ్ళలోకి దిగనివ్వట్లేదని కదా ఇలా వచ్చారు? కూతుర్ని దింపుకోడానికి చచ్చినవాణ్ణి లేడంటారా? పెద్దమనిషి చెప్పే మాటేనాండీ ఇది?"

జీవితంలో ఎన్నో అబద్ధాలు ఇట్టే నమ్మించాను. ఒక్క నిజం నమ్మించడానికి ఆ పూటంతా ప్రాధేయపడ్డాను. వాళ్ళ పెరట్లో వేలాడుతున్న అరటి గెల మీద ఒట్టు పెట్టబోతే ఒకాయన, "చాలు ఊరుకోండి, పోయినాయన సరుకు మీద ఒట్లేంటి" అన్నాడు. చివరికి వాళ్ళే నన్ను ఆటో ఎక్కించారు. ఎక్కిస్తూ, ఎల్లుండి సాగనంపుతున్నాం, ఆయన సంగతి చెప్పినవారు మీరే గనక తప్పకుండా ఉండాలన్నారు.

అమ్మాయి సెలవు పెట్టి నాతో వచ్చింది. ఒడ్డున వేపమండలు పాతారు. పసుపునీళ్ళ బిందె, చలిమిడి, పెరుగన్నం, కొబ్బరికాయలు. అరటికాయల వ్యాపారి గనక ఎవరో వెళ్ళి రెండు అత్తాలు అరటిపళ్ళు కొనుక్కొచ్చారు. పెద్ద నా దగ్గరికి వచ్చి, "పేరేంటండీ ఆయనది? పేరు చెప్పి వదలాలి" అన్నాడు.

ఇంకో అబద్ధం ఆడటం అప్పుడు ఎంత తేలికో! నాలుక మీద పేర్లు నాలుగైదు ఆడాయి. "తెలియదు బాబూ" అన్నాను.

"పోనీలెండి" అని, నీళ్ళ వైపు తిరిగి, "రావులపాలెం అన్నా! ఇక్కడివాళ్ళం నీకేం చెయ్యలేకపోయాం. వెళ్ళిరా" అన్నాడు. ఆడవాళ్ళు పసుపునీళ్ళు అలలో పోశారు. ఒక ముసలావిడ, ఈ వ్యాపారి మొహం ఏనాడూ చూడని ఆవిడ, నోట్లో చీరకొంగు పెట్టుకుని ఏడ్చింది. అరటి అత్తాలు అల మీద పైకి లేచి, కిందికి దిగి, మళ్ళీ ఒడ్డుకే వస్తుంటే ఇద్దరు కుర్రాళ్ళు ఈదుకుంటూ తీసుకెళ్ళి దూరంగా వదిలి వచ్చారు.

నాకు కూడా కన్నీళ్ళు వచ్చాయి. కాసిని రప్పించుకున్నానని అమ్మాయి అనుకుని ఉంటుంది. కాదు. ఆపరేషన్ రోజున ఆసుపత్రి బయట బెంచీ మీద రాని కన్నీళ్ళు అప్పుడు, ఆ లేని మనిషి కోసం నిలబడ్డ జనం మధ్య వచ్చాయి. ఆ రోజున మాతో ఎవరూ లేరు. గాల్‌బ్లాడర్ రాళ్ళకి ఎవరు వస్తారు?

అయిపోయాక అమ్మాయి టీ కొట్టావిడని పక్కకి పిలిచింది. ఇద్దరూ ఒడ్డుకి లాగిన పడవ వెనక్కి వెళ్ళారు. అమ్మాయి ఏం చెప్పిందో, ఏం చూపించిందో నాకు తెలియదు. పడవ అంచు మీదుగా తలలు మాత్రం కనిపించాయి. ఒకసారి ఆవిడ తల వంగింది, చాలాసేపు వంగే ఉంది. తిరిగి వచ్చేటప్పుడు ఆవిడ నన్ను దాటుకుంటూ వెళుతూ ఆగి, నా మొహంలోకి చూసి వెళ్ళిపోయింది. నా మాట అప్పటికి నమ్మిందనుకుంటాను. మిగతా పేట మాత్రం ఇవాళ్టికీ నమ్మలేదు.

మర్నాటి నుంచి పెద్ద వల దిగింది. కానీ ఆ ఒడ్డు మాకు పోయింది. అమ్మాయి వెళితే ఎవరో ఒకరు పని ఆపుకుని నీళ్ళ అంచున నిలబడి, తను బయటికి వచ్చేదాకా కళ్ళార్పకుండా చూసేవారు. చెడ్డ చూపు కాదు, కాపలా చూపే. "మేమున్నాం తల్లీ, భయపడకు" అనేవారు. వాళ్ళకేమని చెబుతుంది? రెండుసార్లు వెళ్ళి మానేసింది. ఈలోగా నేను వెనక్కి పంపిన కుర్రాళ్ళు ఊరికే ఉన్నారా? రావులపాలెం వ్యాపారి మునిగిన చోటు అంటూ ఎవరో వీడియో పెట్టారట. ఆదివారాలు బైకులే కాదు, కార్లు కూడా వస్తున్నాయి. తోట నీడలో బజ్జీల బండి ఒకటి వెలిసింది. ఉంగరం దొరుకుతుందేమోనని ఇసుక తవ్వేవాళ్ళు కూడా ఉన్నారట. ఈ ఆఖరిది నేను కల్పించాను. మిగతావన్నీ నిజం.

బోర్డు మళ్ళీ తలుపు వెనక్కి వెళుతుందని భయపడ్డాను. వెళ్ళలేదు. ఒక పొద్దున లేచేసరికి కారు లేదు, బోర్డు లేదు. కాలేజీ వేళకి తడి జుట్టుతో వచ్చింది. రెండు రోజులాగి మళ్ళీ అంతే. ఎక్కడో కొత్త ఒడ్డు దొరికింది తనకి. ఉత్తరానో దక్షిణానో తెలియదు. చెయ్యి వాపు లేదు. మొన్న అటక మీంచి ఇత్తడి బిందె దించింది.

అడగకూడదనుకున్నాను. అడగకుండా కొన్నాళ్ళు ఉన్నాను కూడా. కానీ పొద్దున తను బయలుదేరిన చప్పుడు వినగానే నాకు ఆ పేటవాళ్ళు ఒడ్డు మీద అటూ ఇటూ నడవడం కనిపిస్తుంది. లేనివాడి కోసం వాళ్ళకి ఎక్కడ వెతకాలో తెలుసు, నేను చెప్పాను గనక. ఉన్న నా కూతురు ఒకరోజు తిరిగి రాకపోతే ఎవరిని పట్టుకుని, ఏ ఒడ్డున వెతకమని అడగను? సుడి లేదని నాకు తెలుసు, అది నేను పుట్టించిందే. అయినా ఇప్పుడు నన్నే లాగుతోంది.

ఒకరోజు తను కారు తాళాలు తీసుకుంటుంటే ఎదురెళ్ళాను.

"పేరు చెప్పకమ్మా. ఉప్పాడకి అటా, ఇటా? అదొక్కటి చెప్పు."

"వద్దు నాన్నా."

"ఎవరికీ చెప్పను."

"నువ్వు చెప్పవు. నీ నోరు చెబుతుంది."

"నీకేమైనా అయితే మాకు ఎలా తెలుస్తుందే?"

అమ్మాయి చెప్పు తొడుక్కోవడం ఆపింది. కోపం లేదు మొహంలో. అలసట ఉంది.

"టీ కొట్టావిడకి తెలుసు. వెళ్ళేముందు ఫోను చేస్తాను, నీళ్ళలోంచి వచ్చాక చేస్తాను. నేను చెయ్యకపోతే వాళ్ళ పడవ వస్తుంది" అని తలుపు దగ్గరగా వేసి వెళ్ళిపోయింది.

ఆ రోజే షేర్ ఆటో ఎక్కి ఆవిడ కొట్టుకి వెళ్ళాను. బెంచీ మీద కూర్చున్నాను. నన్ను చూసి స్టవ్ మంట పెంచింది. అల్లం దంచింది. ఫోను పక్కనే, పంచదార డబ్బా మీద పెట్టుకుని ఉంది.

"అమ్మాయి ఫోను చేసిందామ్మా?"

"ఆయ్. ఒడ్డుకి వచ్చేసింది."

అక్కడితో ఊరుకోవాలి కదా.

"దూరమా? రోడ్డు బాగుంటుందా?"

ఆవిడ టీ వడకట్టి గ్లాసు నా ముందు పెట్టింది.

"తాగండి బాబుగారూ, చల్లారిపోద్ది" అంది.